ఒక ముక్కోపి మాట పుట్టుపూర్వోత్తరములు

ప్రతి యూరిలోను ముక్కోపి యొకడైన నుండును. మా కొడవలూరిలో ఆ స్థానము కొంతకాలముగా నాకే దక్కినదని నా చెవినబడినది. నేను అరువదియేండ్లు దాటినవాడను. ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు తెలుగు చెప్పినవాడను. మధ్యాహ్నపు నిద్రవేళ వీధిలో కేకలు వినబడినచో కసరుదును. సంధి తప్పి మాటాడినవారిని దిద్దక ఊరకుండజాలను. పెండ్లిపత్రికలో అచ్చుతప్పు కనబడినచో భోజనము రుచింపదు. కావున కోపిష్ఠులను తెలుపు మాటలనుగూర్చి ప్రసంగించుటకు నాకు కొంత అధికారము కలదని శ్రోతలు అంగీకరింతురుగాక.

మన భాషలో ఇట్టివారిని పిలుచుటకు పేర్లకు కొదువ లేదు. ముక్కోపి, కోపిష్ఠి, చిరచిరలాడువాడు, చిటపటలాడువాడు, రుసరుసలాడువాడు, కస్సుబుస్సుమనువాడు. వీనిలో పెక్కు ధ్వన్యనుకరణములు. పోపుగరిటెలో ఆవాలు చిటపటలాడును. పుట్టలోని పాము బుస్సుమనును. తెలుగువాడు కోపమును కంటితో చూచుటకంటె ముందు చెవితో విన్నాడు కాబోలు! సంస్కృతములోనో, అమరసింహుడు క్రోధనుడు, అమర్షణుడు, కోపి అని మూడు మాటలు చెప్పి, మితిమీరిన కోపము గలవానికి చండుడని వేరుగా పేరు పెట్టినాడు. కోపములోను తరతమభేదములు గలవని ఆయన యెరుగును.

ఈ కుటుంబమునకు చెందిన మాట యొకటి ఆంగ్లభాషలో గలదు. దానిని ఇంచుమించు 'కర్మజన్' అని పలుకుదురు. ఈనాడు దానికర్థము, ఎవరినిచూచినను విసుగుకొనుచు, దేనినిచూచినను తప్పుపట్టుచు ఉండు మనుష్యుడని. తరచుగా వయసుమీరిన మనుష్యుడని. ఈ మాట చరిత్రను నేడు మీకు మనవి చేయదలచితిని. కాని ముందుగా ఈ మాటకును నాకును గల సంబంధమును చెప్పవలెను. అది నాకు గౌరవము తెచ్చు కథ కాదు.

1993లో నేనొక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనుగా నుంటిని. ఆ దినములలో లోకములోని మాటలన్నియు సంస్కృతమునుండియే పుట్టినవని నాకొక గట్టి నమ్మకము ఉండెడిది. ఆంగ్లములోని తండ్రి, తల్లి, సోదరుడు మొదలగువానిని చెప్పు మాటలు మన పితృ, మాతృ, భ్రాతృ శబ్దములను పోలియుండుట చూపి పిల్లలను ఆశ్చర్యపరచుచుంటిని. ఆ మాటలకు చుట్టరికము కలుగుట నిజమే. కాని అవి అన్నదమ్ముల బిడ్డలవంటివి, తల్లీబిడ్డలవంటివి కావు. ఆ భేదము నాకప్పుడు పట్టలేదు. ఒకనాడు తొమ్మిదవ తరగతి బాలుడొకడు లేచి, "అయ్యవారూ, కర్మజన్ అను మాట ఎక్కడినుండి వచ్చినది?" అని యడిగెను. పై గంటలో ఆంగ్లపాఠమున వాడు దానిని వినియుండెను.

నాకు తెలియదు. ఆ మాటను నేనంతకుముందు వినియే యుండలేదు. అర్థమేమని వానినే యడిగి తెలిసికొంటిని. అంతట క్షణమైనను ఆలోచింపక, "ఇది మన మాటయే. కర్మాధీనుడైన జనుడు కర్మజనుడు, మధ్యమపదలోపి సమాసము. పూర్వజన్మకర్మచే చెడు స్వభావముతో పుట్టినవాడని యర్థము" అని చెప్పితిని. నల్లబల్లమీద విగ్రహవాక్యము కూడ వ్రాసితిని. తరగతియంతయు దానిని పుస్తకములలో ఎక్కించుకొనెను.

ఆ బాలుడు మాత్రము కూర్చుండలేదు. "అయ్యవారూ, ఈ మాటను ఆంగ్లేయులకు మనమెప్పుడు ఇచ్చితిమి?" అని మరల అడిగెను.

ఆ ప్రశ్నలో అవినయము లేదు. వాని ముఖములో తెలిసికొనవలెనను కోరిక తప్ప మరేమియు లేదు. కాని నాకు ఒడలెల్ల మండినది. గురువును పరీక్షింతువా యని గద్దించి, వానిని బెంచీ యెక్కించి గంట కొట్టువరకు నిలిపితిని. మరునాటినుండి వాడు నా తరగతిలో ప్రశ్న యడుగుట మానెను. ఆ యేడు తరువాత వాని తండ్రికి బదిలీ యగుటచే ఊరు విడిచి పోయినారు.

ఇప్పుడు ఆ ప్రశ్నకు సమాధానము చెప్పెదను. ఈ మాట ఆంగ్లభాషలో 16వ శతాబ్దిలోనే కలదు. 1577లో అచ్చైన ఒక చరిత్ర గ్రంథమున, ఐర్లండు దేశవర్ణనను వ్రాసిన రిచర్డ్ స్టానిహర్స్టు దీనిని వాడియున్నాడు. ఈస్టిండియా కంపెనీ పుట్టినది 1600లో. కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ వెలసినది 1784లో. విల్కిన్స్ దొర భగవద్గీతను ఆంగ్లీకరించి లండనులో ప్రకటించినది 1785లో. అనగా, ఆంగ్లేయులు మన గ్రంథములను చదువ మొదలిడుటకు రెండువందల యేండ్లకు పూర్వమే ఈ మాట వారి యిండ్లలో నలుగుచుండెను. మనము ఇచ్చుటకు వీలే లేదు. తొమ్మిదవ తరగతి బాలుడు వేసిన ఒక్క ప్రశ్న నా సమాసమును వేళ్లతో పెకలించినది. చారిత్రకుని మొదటి ప్రశ్నయే వాడడిగినాడు: ఎప్పుడు? ఏ దారిని?

ఈ పొరపాటులో నేనొంటరివాడను కాను. నాకంటె చాల పెద్దవారు ఈ మాటయొద్దనే కాలు జారినారు.

ఆంగ్లనిఘంటుకర్తలలో అగ్రగణ్యుడు శామ్యూల్ జాన్సన్ పండితుడు. 1746లో పూనుకొని, కొలదిమంది లేఖకుల సహాయముతో, 40 వేలకు పైగా పదములు గల నిఘంటువును 1755లో రెండు సంపుటములుగా ప్రకటించెను. ఆ గ్రంథములో ఈ మాట కలదు. ఆయన దీనికిచ్చిన అర్థము నేటిది కాదు. మోటుతనముగల లోభి, పిసినిగొట్టు అని వ్రాసెను. దీనినిగూర్చి మరల చెప్పెదను. వ్యుత్పత్తికి వచ్చుసరికి ఆయన, ఇది ఫ్రెంచిభాషలో దుష్టహృదయమను అర్థము గల 'కేర్ మేషాన్' అను రెండు మాటలు చెడి యేర్పడినదని వ్రాసి, ఫ్రెంచి అనుటకు ఒక పొడియక్షరపు గుర్తు వేసి, తనకీ సంగతి తెలిపినవారు పేరు తెలియని యొక ఉత్తరకర్త అని పక్కనే ఉదాహరించెను. ఎవరో తెలియనివారు వ్రాసిన ఉత్తరమును నమ్మి నిఘంటువులో చేర్చినాడు. చేర్చినను, ఆ మాట తనది కాదని దాచక చెప్పినాడు.

ఇరువది సంవత్సరములు గడచినవి. 1775లో జాన్ యాష్ అను మతాచార్యుడు మరియొక ఆంగ్లనిఘంటువును రెండు సంపుటములుగా వెలువరించెను. ఆయన ఈ మాటకు జాన్సన్ గ్రంథమునే ఆధారము చేసికొనెను. కాని ఫ్రెంచిభాష ఆయనకు రాదు కాబోలు. జాన్సన్ చెప్పిన 'తెలియని ఉత్తరకర్త' అను రెండు మాటలను ఆయన వరుసగా ఆ రెండు ఫ్రెంచి పదములకు అర్థములని భ్రమించెను. హృదయమను మాటకు 'తెలియని' అనియు, దుష్టమను మాటకు 'ఉత్తరకర్త' అనియు అర్థములు చెప్పి, ఈ రెండును కలిసి పిసినిగొట్టను అర్థమిచ్చు మాట పుట్టినదని గంభీరముగా అచ్చువేయించెను. నేటికి 250 ఏండ్లు దాటినను నిఘంటువులనుగూర్చి మాటాడువారు దీనిని చెప్పుకొని నవ్వుచునే యున్నారు. పాపము, యాష్ తక్కిన శ్రమయంతయు మరుగున పడి, ఈ యొక్క తప్పే నిలిచినది.

నేనును ఈ కథను మొదటిసారి చదివినప్పుడు నవ్వితిని. ఆ నవ్వు చాలసేపు నిలువలేదు. ఏలననగా 2019లో మా యూరనే ఒక పెండ్లిపందిటిలో నా పూర్వశిష్యుడొకడు నాకు నమస్కరించెను. అతడును ఉపాధ్యాయుడై మరియొక జిల్లాలో పనిచేయుచుండెను. పక్కనున్నవారితో నన్నుగూర్చి మిక్కిలి భక్తితో చెప్పుచు, "కర్మజన్ అను మాట కర్మజనుడనుండి వచ్చినదని మాకు చెప్పినవారు వీరే. నేనిప్పటికిని మా పిల్లలకు ఏటేట చెప్పుచున్నాను" అనెను. పందిటిలోనివారు సంతోషించి తలలూపినారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెలియని ఉత్తరకర్తను నేనే. నన్ను నమ్మి చెడిన యాషు నా శిష్యుడు. జాన్సను తనకు తెలిపినవాని పేరు తెలియదనియైన చెప్పినాడు. నేను అంతమాత్రము కూడ చెప్పలేదు. ఆ రాత్రినుండియే ఈ మాట వెంట పడితిని.

వెదకగా మరియొక వ్యుత్పత్తి కనబడినది. అది వరిపండించు మావంటివారి మనసునకు ఇట్టే పట్టును. 1600లో ఫిలిమన్ హాలండ్ అను ఆయన రోమను చరిత్రకారుడైన లివీ గ్రంథమును ఆంగ్లములోనికి తెచ్చెను. అందు ధాన్యపు వర్తకుడను అర్థముగల లాటిను మాటకు ఆయన 'కార్న్‌మజన్' అని వ్రాసెను. కార్న్ అనగా ఆంగ్లములో ధాన్యము. దానినిబట్టి కొందరు, ధాన్యమును దాచిపెట్టువాడే మొదట ఈ పేరు పొందినాడనియు, 'న'కారము రాలిపోయి నేటి రూపము వచ్చినదనియు ఊహించిరి.

ఊహ మనోహరమైనది. ఆ కాలమునకు తగినది కూడ. ఇంగ్లండులో ధాన్యమును మూటగట్టి కొని ధర పెరుగువరకు దాచువారిపై 1552లోనే చట్టము చేసియుండిరి. 1594 నుండి 1597 వరకు వరుసగా వానలు ముంచి పంటలు చెడి, ప్రజలు ఆకటికి అలమటించిరి. కొన్నియేండ్ల కిందట పాడైన పంటల జ్ఞాపకము చల్లారకమునుపే హాలండ్ తన అనువాదమును ముగించెను. తరువాత కొలది సంవత్సరములకు షేక్స్పియరు రచించిన కోరియొలేనస్ నాటకము, ధాన్యము దాచినారని కోపించి తిరుగబడిన ఆకలిజనముతోనే ఆరంభమగును. అట్టి కాలములో ధాన్యము దాచువానికంటె హీనుడు ప్రజలకు మరియొకడు కనబడడు.

మనకును ఈ సంగతి క్రొత్త కాదు. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును మాడ్చిన ధాత కరువు నెల్లూరు సీమను కూడ విడువలేదు. వానలు లేక పంటలు పోయినవి. ఉన్న ధాన్యపు ధరలు ఆకాశమునంటినవి. లక్షలకొలది జనము నశించినారు. ఒకచోట పుట్లకొలది ధాన్యము గాదెలలో పాతరలలో నుండగా, మరియొకచోట మనుష్యులు ఆకులలములు తినుట కరువు సమయములలో ఎల్లదేశములందును జరిగినదే. ధాన్యము దాచినవానికి మన భాషలో పెట్టిన పేర్లును దయలేనివే. పిల్లికి బిచ్చము పెట్టనివాడందుము. ఎంగిలిచేతితో కాకిని తోలనివాడందుము; చేతికంటిన మెతుకు కాకికి రాలునేమో అని వాని భయము. అమరసింహుడు లోభికి కదర్యుడు, కృపణుడు అను పేర్లతోపాటు కింపచానుడనియు, మితంపచుడనియు రెండు పేర్లిచ్చినాడు. ఏమి వండును, ఏమియు వండడనుట మొదటిది. కొలిచి కొలిచి వండువాడనుట రెండవది. రెండును వంటయింటినుండి వచ్చినవే. లోభము ముందుగా తెలియునది పొయ్యివద్దనే గదా!

అయినను కార్న్‌మజన్ వ్యుత్పత్తి నిలువదు. కారణము తేదీలే. 'న'కారము లేని రూపము 1577లోనే కలదు. 'న'కారము గల రూపము 1600లో హాలండ్ గ్రంథమున కనబడుచున్నది. బిడ్డకు తరువాత తల్లి పుట్టదు. హాలండ్ అంతకుముందే వాడుకలోనున్న మాటను కొంచెము విరిచి, ధాన్యమను మాటను అందులో ధ్వనింపజేసి చమత్కరించినాడని పండితులు నిర్ణయించిరి. చమత్కారమును వ్యుత్పత్తియని భ్రమించుట పండితులకు పాత జబ్బు. ఫ్రెంచి దుష్టహృదయమునకును ఇదే గతి పట్టినది. ఫ్రెంచి మాటకును ఆంగ్లపు మాటకును నడుమ మెట్టు ఒక్కటియు కానరాదు. ఇటీవలి వారు కొందరు గేలిక్ భాషలో పెడసరపు మనిషిని చెప్పు మాటతో దీనికి ముడిపెట్టి చూచుచున్నారు. అయినను నేటి పెద్ద ఆంగ్లనిఘంటువులు ఈ మాటకెదురుగా, వ్యుత్పత్తి తెలియదు అని నిర్భయముగా వ్రాయుచున్నవి. శతాబ్దుల వెదకులాట చివర చేరిన మాట అది.

వ్యుత్పత్తి తేలకపోయినను అర్థచరిత్ర మాత్రము తేటగా నున్నది. ఇందాక చెప్పితిని గదా, జాన్సను కాలములో ఈ మాట పిసినిగొట్టును చెప్పెను. నేడు ముక్కోపిని చెప్పుచున్నది. డబ్బు దాచువాడు కోపము చూపువాడుగా నెట్లు మారినాడు?

మన పురాణము దీనికి ఉత్తరమిచ్చును. భాగవతము ఏకాదశస్కంధములో అవంతిదేశపు బ్రాహ్మణుని కథ యొకటి గలదు. అతడు మిక్కిలి ధనవంతుడు, కృషివాణిజ్యములతో గడించినవాడు, పరమలోభి. అతిథిని మాటతోనైన ఆదరింపడు, భార్యాబిడ్డలకు పెట్టడు, తానును తినడు. ఆ వర్ణనలోనే వ్యాసులవారు అతనిని అతికోపనుడని కూడ చెప్పిరి. చిన్ననాడు ఈ ఘట్టమును చదివినప్పుడు, లోభమునకును కోపమునకును పొత్తు ఏమని నేను గురువుగారిని అడుగలేదు, అడుగవలసినది. ఇప్పుడు తోచుచున్నది. దాచుకొన్నవానికి ప్రతిమనుష్యుడును యాచకుడుగనే కనబడును. తలుపు తట్టిన చప్పుడు వినబడినంతనే వానికి ఉలికిపాటు. అడుగకముందే కసరినచో అడుగువాడు వెనుదిరుగును. వాని కోపము గాదెకు వేసిన తాళము. ధనముపోయిన తరువాత ఆ బ్రాహ్మణుడు విరక్తుడై, లోకులు పెట్టిన బాధలన్నియు ఓర్చి, ఎవరిమీదను కోపపడక తిరుగాడినట్లు అదే కథ చెప్పుచున్నది. దాచవలసినదేదియు లేకపోగా తాళముతో పనిలేకపోయినది.

మాటల చరిత్రలో ఇట్టి మార్పులు పెక్కులు. కృపణ శబ్దమునకు మొదటి యర్థము దీనుడు, జాలిగొలుపువాడు; కృప అను మాటకు చుట్టము. గీతలో అర్జునుడు తనకు కార్పణ్యదోషము కలిగినదనుకొన్నప్పుడు, అది పిసినితనమని అర్థము చేసికొనరాదు, దైన్యమనియే చెప్పుకొనవలెను. ఆ మాటయే పిమ్మట లోభికి రూఢియైనది. లాటినుభాషలో 'మైజర్' అను ఆంగ్లపదమునకు మూలమైన మాటకును మొదటి యర్థము దీనుడనియే. ఆంగ్లములోనికి వచ్చి అది లోభికి నిలిచినది. ఒకరినొకరు ఎరుగని రెండు జాతులవారు, దాచుకొని తిననివానిని చూచి, వీనికంటె దీనుడెవడని ఒకే విధముగా తలచిరి. ఇట్టి సామ్యములు సంస్కృతమునుండి ఎరువు తెచ్చుకొన్నవి కావు, మనుష్యస్వభావమునుండి వచ్చినవి. నేను 1993లో నల్లబల్లమీద వ్రాయదగినది ఇది.

వ్యుత్పత్తి చెప్పుటలో చెవిని నమ్మరాదనుటకు ఆంగ్లమువరకు పోనక్కరలేదు. ముక్కోపి యను మన మాటనే చూడుడు. మూడు కన్నులవాడు ముక్కంటి. మూడు లోకములు ముల్లోకములు. ఈ లెక్కను మూడు కోపములవాడు ముక్కోపి కావలెను! వ్యాకరణము అడ్డుచెప్పదు. కాని జనులు ముక్కుమీద కోపము అందురు. కోపము ముక్కుకొననే యుండి, తాకినంతనే పైకివచ్చునని వారి భావము. ఆ వాడుక సాక్ష్యముచే ముక్కునకును కోపమునకునే సంబంధమని తేలుచున్నది. మా కొడవలూరు పేరు వినినవారు కొడవలికిని దీనికిని ముడిపెట్టుదురు. వరికోతల సీమ గనుక కుదిరినట్లే తోచును. నెల్లూరును నెల్లి, అనగా ఉసిరిక చెట్టునుండి తీయువారు కొందరు. నెల్లు, అనగా వడ్లనుండి తీయువారు కొందరు. చెట్టుకు స్థలపురాణము సాక్షి. వడ్లకు పెన్నపారుదల సాక్షి. ఇట్టి వాదములను తీర్చవలసినది చెవి కాదు, శాసనము. బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టిగారలు నెల్లూరు జిల్లా శాసనములను 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిన మేలు ఇందుకే మరువరానిది. ఊరి పేరు ఏ కాలమున ఏ రూపముతో నుండెనో రాయి చెప్పును.

మన పూర్వులు ఈ జాగ్రత్తను ఎరుగనివారు కారు. నేను చదివిన చదువే నాకు ఈ హెచ్చరికను ఇచ్చియుండెను, నేనే చెవినిబెట్టలేదు. యాస్కుడు నిరుక్తములో ఒక్కొక్క పదమునకు రెండు మూడు నిర్వచనములు చెప్పి, ఇదియో అదియో అని విడిచిపెట్టును. సందర్భము తెలియని ఒంటరి పదమును నిర్వచింపరాదని శాసించును. నామములన్నియు ధాతువులనుండియే పుట్టినవని శాకటాయనుడనగా, అన్నియు కావని గార్గ్యుడనెనని ఇద్దరి పక్షములను మన ముందు పెట్టినాడు. మన తెలుగు లాక్షణికులును తత్సమ, తద్భవములకు వేరుగా దేశ్యమను ఒక తరగతిని నిలిపిరి. సంస్కృతమునకు పట్టుబడని మాటలు మనకు కలవని ఒప్పుకొన్న నిజాయితీ అది. 1816లో ఎల్లిస్ దొర క్యాంబెల్ దొరగారి తెలుగు వ్యాకరణమునకు చేర్చిన వ్యాసములో, తెలుగు, తమిళ, కన్నడములు ఒక కుటుంబమనియు, తెలుగు సంస్కృతమునుండి పుట్టలేదనియు నిరూపించెను. ఆ నిరూపణమున మదరాసు కళాశాలలో తెలుగు పండితులైన వేదము పట్టాభిరామశాస్త్రిగారి విద్య ఆయనకు తోడ్పడినది. బ్రౌను దొర కడపలో సొంతసొమ్ముతో జూలూరి అప్పయ్యవంటి పండితులను పెట్టుకొని గ్రంథములు శోధించి, 1852లో తన తెలుగు నిఘంటువును ప్రకటించినాడు. తెలియనిదానిని తెలిసినవారిని అడుగుటలో ఈ పెద్దలెవ్వరికిని సిగ్గు లేదు. ఆ సిగ్గు నావంటివారికే.

కోపమును, లోభమును ఈ యాంగ్లపదము ఒక్క మూటగా కట్టినదంటిని. కాని ఆ రెండును విడిపోవచ్చును. సాక్షి జాన్సను పండితుడే. ఆయన పరమకోపి. వాదములో ఎదుటివానిని మాటతో పడగొట్టువాడు. అయినను ఆయన యింట చూపులేని యొక స్త్రీయు, దరిద్రుడైన యొక వైద్యుడును, దిక్కులేని మరికొందరును ఏండ్లతరబడి అన్నము తినిరి. రాత్రివేళ వీథులలో నిద్రించు అనాథబాలకుల చేతులలో, లేచి ఏమైన కొనితిందురని, ఆయన పెన్నీలు పెట్టి పోయెడివాడట. ఆయన నిఘంటువులో గుఱ్ఱపు కాలిలో గిట్టకు పైనుండు భాగమును చెప్పు మాటకు మోకాలని తప్పుగా అర్థము పడినది. ఒక స్త్రీ ఆయననే ఎదుట నిలిచి, ఇట్లెందుకు వ్రాసితిరని యడిగెను. లేఖకులమీదనో అచ్చుకూటముమీదనో నెట్టవచ్చును. ఆయన అట్లుచేయక, కేవలము తన అజ్ఞానముచేతనే వ్రాసితినని వెంటనే ఒప్పుకొనెను. ఇంత కోపి యైనను, ధనమునందును ఒప్పుకోలునందును ఆయన చేయి మూసికొనలేదు.

నేనో, ధనమును దాచినవాడను కాను. దాచుటకు నాకు లేదు. 'నాకు తెలియదు' అను రెండు మాటలను దాచితిని. ఒక బాలుడు వానిని నా గాదెనుండి అడిగినాడు. ఇచ్చినచో తరిగిపోదునని భయపడి, అవంతి బ్రాహ్మణునివలె కోపముతో తలుపు మూసితిని. బెంచీమీద నిలువవలసినది ఎవరో ఇప్పుడు మీకు తెలిసినది.

పెండ్లిపందిటిలో కలిసిన శిష్యునికి మరుసటి వారమే జాబు వ్రాసి, నేను చెప్పినది కట్టుకథయని, తన పిల్లలకు దిద్దిచెప్పుమని కోరితిని. అతడు పెద్దమనసుతో అట్లే చేసితినని బదులు వ్రాసెను. అది చెప్పిన మరునాడు తన తరగతిలో ఎన్నడును నోరువిప్పని పిల్లలిద్దరు లేచి సందేహములడిగిరని కూడ వ్రాసెను. ఆ యుత్తరము నా పెట్టెలో దాచుకొంటిని. ఆ యొక్కదానిని దాచుటకు నన్ను మన్నింపుడు.

ప్రశ్న యడిగిన బాలుని చిరునామా మాత్రము నాకు దొరకలేదు. ఇప్పుడు వానికి నలుబది దాటియుండును. ఎక్కడనో ఈ ప్రసంగము వాని చెవిని పడవచ్చును గనుక చెప్పుచున్నాను. నాయనా, ఆ మాటను మనము ఆంగ్లేయులకు ఎన్నడును ఇవ్వలేదు. అది ఎక్కడినుండి వచ్చినదో నాకు తెలియదు. తెలిసినవారు నేటివరకు లేరు. నీ ప్రశ్న మంచిది. ఇంక కూర్చుండుము.